దావీదు పారబోసిన పాత్ర

ధ్యానభాగము: 2 సమూయేలు 23:15-17



దావీదు దప్పిగొని, బేత్లెహేము బావి నీళ్లు ఎవరైన తెచ్చి ఇచ్చిన బాగుండునని ఆశపడెను. ముగ్గురు శూరులు శత్రువుల దండులో చొరబడి ఆ నీళ్లు తెచ్చిరి. ప్రాణమునకు తెగించిన ఆ ముగ్గురి రక్తమే అతనికి పాత్రలో కనబడెను. త్రాగలేక, దేవుని సన్నిధిని పారబోసెను.

మంచినీళ్లనే అతడట్లు పారబోసినయెడల, మన వీధి చివర చవకగా దొరకు సారాయిని గూర్చి ఏమి చెప్పుదుము?

మొదట ఈ "చవక" అను మాటను పరీక్షింతము. యానాంలో మద్యము చవకయని పొరుగు గోదావరి జిల్లాలనుండి జనము వచ్చుట అక్కడి మన సంఘస్థులు ఏండ్లుగా చూచినదే. సీసా మీద తగ్గిన వెల భార్య కూలి డబ్బులోనుండి, బిడ్డల పాలలోనుండి, బడి ఫీజులోనుండి చెల్లింపబడును. ఆఖరి వాయిదాను త్రాగువాని కాలేయము చెల్లించును.

అంతకన్న చవకైనది కల్తీసారా. 2015 జూన్‌లో ముంబయిలోని మాల్వణిలో నూరుమందికి పైగా, 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా దానివలన చనిపోయిరి. రెండుచోట్లను కల్తీకి వాడినది మిథనాలు. అది శరీరములో ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటినరమును దెబ్బతీయును. త్రాగినవానికి చూపు మసకబారినను, వాంతులు, కడుపునొప్పి వచ్చినను వెంటనే పెద్దాసుపత్రికి తీసికొనిపొండి. వేళకు చికిత్స అందిన బ్రతుకవచ్చును. సంఘపెద్దలకు తెలియునేమోనని దాచిపెట్టి ప్రాణము పోగొట్టవద్దు.

"మేము లైసెన్సు దుకాణములోనే కొందుము, మితముగానే పుచ్చుకొందుము" అనువారును కలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన విభాగము 1988లోనే మద్యమును కేన్సరు కారకముగా గుర్తించినది. ఆరోగ్యమునకు సురక్షితమైన మోతాదు ఏదియు లేదని ఆ సంస్థ 2023 జనవరిలో తేటగా చెప్పినది.

త్రాగువాని కంచమును కూడ చూడుడి. అన్నము మాని, నంజుకొనుటకు ఉప్పుటి మిక్స్చరు, మరిగిన నూనెలోనే మరల మరల వేచిన బజ్జీలు! ఉప్పూ రక్తపోటును పెంచును, మద్యమూ పెంచును. త్రాగని మన ఇండ్లలోను ఊరగాయ, అప్పడము, ఎండుచేప లేనిదే ముద్ద దిగదు. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల ఉప్పు, అనగా సుమారు ఒక టీస్పూను, మించరాదని వైద్యుల సలహా. కోలారులో రాగిముద్ద, మహారాష్ట్రలో జొన్నరొట్టె మన పొరుగువారి వంటయే గదా! మన ప్రేమవిందులలో పలావుతోబాటు పప్పు, ఆకుకూర కూడ ఉండనిండు.

అమెరికను బాప్టిస్టు మిషను వేళ్లూనిన నెల్లూరు జిల్లాలోనే, 1992లో దూబగుంట స్త్రీలు సారాయి దుకాణము మూయించిరి. అక్షరాలు నేర్చుకొనుచున్న ఆ తల్లులు లేపిన ఉద్యమము వలన 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో అది సడలింపబడెను. చట్టము వచ్చును, పోవును. దావీదును ఏ చట్టమును ఆపలేదు. పాత్ర వెనుకనున్న ప్రాణములను చూచిన కన్ను అతనిని ఆపెను. అట్టి కన్నులు మనకును కావలెను.

కనుక త్రాగు సహోదరుని గుడి బయటికి నెట్టక, అతని ఇంటికి వెళ్లుదము. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల మూర్ఛలు రావచ్చును, ప్రాణాపాయమును కలుగవచ్చును. కావున అతనికొరకు ప్రార్థించుటతో ఆగక, వైద్యునియొద్దకును వెంటబెట్టుకొని పోదము. అతని భార్యాబిడ్డల పొయ్యి ఆరిపోకుండ స్త్రీల సమాజము చూచుకొనవలెను.

మనకొరకు తన రక్తము చిందించిన ప్రభువు, పరుల రక్తమును త్రాగని మనస్సును మనకు దయచేయును గాక. ఆమేన్.