గాదె కట్టుకొనుట పాపమా?

లూకా సువార్త 12వ అధ్యాయములోని ధనవంతుని ఉపమానము గుడిలో చదివిన ఆదివారమున, పల్లె సంఘములలో ఒక సందేహము తప్పక బయలుదేరును. "అయ్యగారూ, పంట బాగుగా పండినది గనుక కొట్లు పెద్దవి చేసికొందునని వాడు తలంచెను. రైతన్నవాడు చేయునది అదియే గదా! నాలుగు గింజలు దాచుకొన్నచో దేవుని నమ్మనట్లేనా?" ఇట్లు అడుగువారు వాదము కొరకు అడుగువారు కారు. ఏడాదికొక్క పంట చేతికివచ్చు మెట్ట పొలమువారు, కూలి దొరకని నెలల కొరకు తిండి మిగుల్చుకొనువారు. వారికి "దేవుడే చూచుకొనును, వెళ్లుడి" అని చెప్పుట సులభము. నెల నెల జీతము తీసికొను నావంటి బోధకునికి మరింత సులభము.

ఉపమానమును నెమ్మదిగా చదువుడి. ఆ ధనవంతుని పంట దొంగ పంట కాదు. కొట్లు కట్టుటయు నేరము కాదు. అతని మాటలను వినుడి. ఆలోచించినంతసేపు తనతో తానే మాటలాడుకొనుచున్నాడు. పంట నాది, కొట్లు నావి, ధాన్యము నాది, ప్రాణమును నాదే. కోత కోసిన కూలివాడు ఆ మాటలలో లేడు. పరిగె ఏరుకొను విధవరాలు లేదు. వాన కురిపించిన దేవుడు అసలే లేడు. పైగా ఇక ఏండ్ల తరబడి భయము లేదని తన ప్రాణమునకు తానే పూచీ పడినాడు. ధాన్యము కడుపు నింపగలదు గాని ప్రాణమునకు పూచీ పడజాలదు. ఆ సంగతి ఆ రాత్రియే తేలిపోయెను.

గాదెయే పాపమైనచో యోసేపును గూర్చి ఏమందుము? ఏడు సంవత్సరములు ఐగుప్తు పంటలో అయిదవ భాగము అతడు కూర్పించెను. ఫరో కలల భావము తెలిపి ఆ మార్గము చూపినవాడు దేవుడే. కరవు వచ్చినప్పుడు ఆ కొట్లు తెరవబడెను, పరదేశులకు సైతము. (అతడు ధాన్యమును ఊరక పంచలేదు, అమ్మినాడు. అది మరియొకప్పుడు మాటలాడదగిన సంగతి.)

ఈ విషయమై నాకు ఎక్కువ వెలుగునిచ్చినది నిర్గమకాండము 16వ అధ్యాయము. అరణ్యములో ఇశ్రాయేలీయులు తలకొక ఓమెరు చొప్పున మన్నా కూర్చుకొనిరి. మరునాటికి ఉంచవద్దని మోషే చెప్పినను కొందరు ఉంచుకొనిరి. తెల్లవారునప్పటికి అది పురుగుపట్టి కంపుకొట్టెను. అయితే ఆరవ దినమున ఒక్కొక్కరు రెండేసి ఓమెరులు కూర్చుకొని, విశ్రాంతి దినము కొరకు ఉంచుకొనిరి. అది చెడలేదు. అదే మన్నా, అవే కుండలు, అదే ఎండ. ఒక రాత్రి నిలువ చేసినది పురుగుపట్టెను, మరియొక రాత్రి నిలువ చేసినది శుభ్రముగా నుండెను. భేదమెక్కడ? మొదటి కుండలో రేపు దేవుడు ఇయ్యడేమోనను భయమును మూతపెట్టి ఉంచిరి. రెండవ కుండలో ఆయన మాటను ఉంచిరి. దాచుట రెండు చోట్లను ఉన్నది. కావున మన గాదెను చూచి, మనము దేవుని నమ్ముచున్నామో లేదో పొరుగువాడు చెప్పజాలడు. దానికి మూత వేయునప్పుడు మన మనస్సులో నున్నది మనకే తెలియును.

ఈ ప్రశ్నను మనకంటె కఠినముగా తీసికొన్నవారును కలరు. ఇంగ్లండు దేశములోని ఎక్సెటరు పట్టణమున ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ అను దంతవైద్యుడు ఉండెను. మంచి ఆదాయము గలవాడు. క్రీస్తు శిష్యుడు భూమిమీద ధనము కూర్చుకొనరాదను ఆజ్ఞను అక్షరాలా అనుసరింపవలెనని 1825లో ఒక చిన్న పుస్తకము ప్రకటించి, తన వృత్తిని విడిచి, 1829లో బాగ్దాదుకు ప్రయాణమయ్యెను. 1831లో అచట వ్యాపించిన తెగులులో భార్యను పోగొట్టుకొనెను. తరువాత 1836లో బౌడెన్, బీర్ అను ఇద్దరు సేవకులను కుటుంబములతో మన తెలుగు దేశమునకు తోడుకొని వచ్చెను. ఏ మిషను జీతమును లేకుండ వారు చేసిన పనినుండియే గోదావరి డెల్టాలో, నరసాపురము చుట్టుపట్ల, సంఘములు లేచినవి.

గ్రోవ్స్ సహోదరిని వివాహమాడిన జార్జి ముల్లర్ కూడ 1830లో సంఘము ఇచ్చు స్థిరమైన జీతమును మానుకొని, 1836 నుండి బ్రిస్టలులో అనాథ బాలల గృహములను ప్రార్థన మీదనే నడిపెను. అయితే ఆయన లెక్కల పుస్తకమును గూర్చి మన ప్రసంగములలో ఎవరును చెప్పరు. వచ్చిన ప్రతి పైసకును లెక్క వ్రాసి ఏటేట అచ్చువేయించెడివాడు. దేవుని నమ్మువారికి లెక్కలెందుకని కానుకల పెట్టెను గజిబిజి చేయు సంఘ పెద్దలు దీనిని గమనింతురు గాక.

గ్రోవ్స్ మాటను అక్షరాలా మన రెండెకరముల రైతుకు చెప్పుటకు నా మనస్సు ఒప్పుకొనదు. విత్తనపు వడ్లు కూడ ఇచ్చివేసినవాడు తొలకరిలో షావుకారు గుమ్మమున నిలువబడవలసి వచ్చును. అప్పులో చిక్కినవానికి లోకాశనుండి విడుదల కలిగినదని ఎవరందురు? గ్రోవ్స్ సైతము తరువాత చిత్తూరు ప్రాంతమున సేద్యము పెట్టి నష్టపడినాడు. కాని ఆయన గ్రహించినది ఒకటి మన రైతుకు ముందే తెలియును. విత్తనపు గింజలను అతడు ఎంత జాగ్రత్తగా కాపాడును! ఎండబెట్టి, వేపాకు కలిపి, ఎలుకకు అందకుండ ఉంచును. పిల్లలు ఆకలి అన్నను ఆ బస్తా విప్పడు. అంతటి బస్తాను తొలకరి వానకు తన చేతులతోనే విప్పి మట్టిలో చల్లివేయును. విడుచుటకే దాచినాడు. బంగారమును, పొలమును, కుమారుని ఉద్యోగమును మనము ఇట్లు దాచుచున్నామా? పొరుగింట జ్వరము వచ్చిన రాత్రి, గుడి పైకప్పు కూలిన ఏట, ఆ చెయ్యి తెరచుకొనునా?

ఇప్పుడు మరియొక బోధ మన పల్లెలలోనికి వచ్చినది. నూరు రూపాయలు వేయుము, దేవుడు వేయి చేసి ఇచ్చునని చెప్పుచున్నారు. ఇది విడుచుట వలె కనబడును గాని, వడ్డీకి ఇచ్చుటయే. చెయ్యి తెరచినట్లున్నది, చూపు మాత్రము తిరిగివచ్చు సొమ్ము మీదనే యున్నది.

మన స్త్రీలు ఇంతకంటె మేలైన దానిని ఎరుగుదురు. అన్నము వండుటకు ముందు దేవుని పేరట పిడికెడు బియ్యము తీసి వేరుగా ఉంచు అలవాటు మన సంఘములలో అనేకము నేటికిని విడువలేదు. మిగిలినదానిలోనుండి కాదు, ఎసట్లో పోయకముందే. సారెపతు విధవరాలును అట్లే ప్రవక్తయైన ఏలీయాకు మొదట రొట్టె చేసెను. ఆ కథలో పిండి తరుగలేదని అందరము చెప్పుదుము. తొట్టి నిండినదని మాత్రము ఎక్కడను వ్రాయబడలేదు. వాన కురియువరకు దినదినము ఆమె తొట్టిలో అడుగువరకు చెయ్యి పెట్టవలసినదే. ఆ పూటకు చాలినంత అక్కడ ఉండెను.