ముందు పూజ, తరువాత కొండ



ఉత్తర ఇటలీలో బియెల్లా పట్టణం దగ్గర పొల్లోనె అనే చిన్న ఊరుంది. ఊరిపైన కొండల్లో ఒరోపా మరియమాత పుణ్యక్షేత్రం, దానికి పైన 2,335 మీటర్ల ముక్రోనె శిఖరం. 2025 సెప్టెంబరు 7న 14వ లియో పాపుగారు పునీతునిగా ప్రకటించిన పియెర్ జోర్జో ఫ్రస్సాతి ఎంతో ఇష్టపడిన కొండలివి. తండ్రి పేరున్న పత్రికాధిపతి, దైవభక్తి అంతంత మాత్రం. కొడుకేమో సెలవుల్లో తెల్లవారకముందే లేచి, ఒరోపాకు నడిచి వెళ్లి, దివ్యపూజలో పాల్గొని, ఇంట్లోవాళ్లు లేచే వేళకు తిరిగి వచ్చేవాడట!

ఆదివారం విహారయాత్ర పడితే పూజ మాటేమిటని మన యువతీయువకులు అడుగుతుంటారు. పూజకు వీలులేని యాత్రకు ఆయన బయలుదేరేవాడు కాదు. ఛాదస్తం అనుకుంటున్నారా? స్నేహితుల్లో అందరికంటే ఎక్కువ నవ్వించేవాడూ, అల్లరివాడూ ఆయనే.

కొండలెక్కిన ఆ కాళ్లే తూరిను నగరంలో పేదల ఇళ్ల మెట్లూ ఎక్కాయి. పోలియో అక్కడే సోకి ఉంటుందంటారు. 1925 జూలై 4న, 24 ఏళ్లకే కన్నుమూశాడు. ముందురోజు, చచ్చుబడుతున్న చేతితో స్నేహితునికి ఒక చీటీ రాశాడు. అక్షరాలు కుదరలేదు. ఒక పేదరోగికి చేర్చవలసిన ఇంజెక్షన్లు, గడువు పొడిగించవలసిన ఒక తాకట్టు రసీదు. అందులో ఉన్నవి ఈ రెండు సంగతులే.