శిక్షణా? లొంగుబాటా?

ఒక ప్రాణిని మరొక ప్రాణి తన ఇష్టానుసారం నడిపిస్తున్నప్పుడు, ఆ నడకలో కనిపించే సొగసు దేనికి గుర్తు? నడిచేదాని అంగీకారానికా, దాని భయానికా? రాజకీయాలలో ఈ ప్రశ్న మనం తరచు వేసుకునేదే. గుర్రపు స్వారీలో డ్రెసాజ్ అనే పోటీ ఒకటున్నది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో భారత జట్టు అందులో స్వర్ణం గెలిచినప్పుడు ఆ పేరు మన పత్రికలకెక్కింది. ఆ పోటీలలో, అందునా కిందిస్థాయి పోటీలలో, గుర్రపు ప్రదర్శనను మెరుగుపరచడమంటే ఏమిటని విచారిస్తే, పై ప్రశ్నకు కొంత స్పష్టమైన జవాబు దొరుకుతుందని నా అభిప్రాయం.

ఇది కలవారి కాలక్షేపం గదా, ప్రగతివాదులకు దీనితో ఏమి పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. కలవారి కాలక్షేపమన్న మాట నిజమే. ఒలింపిక్స్‌లో 1948 వరకు డ్రెసాజ్ అర్హత సైన్యాధికారులకే ఉండేది. ఆ యేడు లండన్‌లో స్వీడన్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని పేర్సన్ అసలు సార్జెంటు. పోటీ కోసం అతన్ని లెఫ్టినెంటును చేసి, పోటీ ముగియగానే తిరిగి సార్జెంటుగా దించారు. సంగతి బయటపడి 1949లో జట్టు పతకం రద్దయింది. గుర్రం అదే, రౌతు అదే, చేసిన స్వారీ అదే. చాలనిదల్లా భుజం మీది బిళ్ళ. 1952 హెల్సింకి పోటీల నాటికి నిబంధన మారి, సార్జెంట్లకూ పౌరులకూ స్త్రీలకూ తలుపు తెరుచుకున్నది. ఆ యేడే పేర్సన్‌తో కూడిన స్వీడన్ జట్టు మళ్ళీ స్వర్ణం గెలిచింది. పోలియో వల్ల మోకాళ్ళ కింద పట్టు లేని లిస్ హార్టెల్ అనే డెన్మార్క్ మహిళ వ్యక్తిగత పోటీలో రజతం గెలిచింది.

ఒక విద్య ఎవరి చేతిలో ఉన్నదన్నది ఒక ప్రశ్న. ఆ విద్యలో సారమేమిటన్నది వేరొక ప్రశ్న. రాజాస్థానాలలో పెరిగిందని ప్రబంధాన్ని మనం పారవేయలేదు. హార్టెల్ సాధించిన విజయం ఆ సారం వైపే వేలు చూపుతున్నది. కాలి బలంతో గుర్రాన్ని అదిమిపట్టే అవకాశమే లేని మనిషి దానితో అంతటి స్వారీ చేయగలిగిందంటే, ఈ విద్యకు ఆధారం బలప్రయోగం కాదన్నమాట.

కిందిస్థాయి పరీక్షలో కోరేవి చూడటానికి చిన్న విషయాలు. సాధారణంగా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు గల చదునైన ఆవరణ. చుట్టూ అక్షరాల గుర్తులు. ఆ గుర్తుల ప్రకారం గుర్రం నడవాలి, ట్రాట్ చేయాలి, కాంటర్ చేయాలి. 20 మీటర్ల వృత్తాలు తిరగాలి. ఒక గతి నుంచి మరొక గతికి తొట్రుపాటు లేకుండా మారాలి. నిలవమన్నచోట నిశ్చలంగా నిలవాలి. ప్రతి అంశానికీ సున్న నుంచి 10 దాకా మార్కులు వేసి, మొత్తాన్ని శాతంగా లెక్కగడతారు.

వీటి వెనుక ఉన్న శిక్షణాక్రమాన్ని జర్మన్లు ఆరు మెట్లుగా చెబుతారు. మొదట అడుగులో లయ, తరువాత ఒంట్లో సడలిక, ఆ తరువాత కళ్ళెంతో నిలకడైన మెత్తని సంబంధం. కిందిస్థాయికి ముఖ్యమైనవి ఈ మూడే. ముందుకు తోసే శక్తి, వంకర లేని నడక, బరువును వెనుకకాళ్ళ మీదికి కూడగట్టుకోవడం పైమెట్లు. ఈ ఆరింటిలో మెడ వంచడమనే మెట్టు లేదని గమనించాలి. గుర్రం లయగా, సడలికగా ముందుకు సాగుతుంటే మెడ దానంతటదే ఒదుగుతుంది. అది ఫలితమే గాని పునాది కాదు.

సరిగ్గా ఇక్కడే రెండు దారులు చీలుతున్నాయి. తొందరగా మార్కులు కావాలనుకున్న రౌతు ఫలితాన్నే ముందు పట్టుకుంటాడు. కళ్ళెపు కమ్మి ఉండేది ముందుపళ్ళకూ దవడపళ్ళకూ నడుమనున్న ఉత్త చిగురు మీద. పగ్గాలు బిగలాగితే ఆ నొప్పి తప్పించుకోవడానికి గుర్రం మెడ ముడుచుకుంటుంది. నోరు తెరిచి బాధ చెప్పకుండా ముక్కుపట్టీ బిగిస్తారు. దూరం నుంచి చూసేవారికి అది ఒద్దికగానే కనిపిస్తుంది. కాని వీపు బిగుసుకుపోతుంది, అడుగు పొట్టిదవుతుంది, లయ చెడుతుంది. అంటే మొదటి మూడు మెట్లూ కూలగొట్టి మేడ మీద జెండా ఎగరేసినట్టు.

రెండవ దారిలో దిద్దుబాటు రౌతుతో మొదలవుతుంది. జీనులో కుదురుగా కూర్చోవడం, చేతులు నిలకడగా ఉంచడం, వృత్తంలో లోపలి కాలితో ఒంపు అడిగి బయటి పగ్గంతో హద్దు చూపడం, మార్పు అడగబోయేముందు గుర్రాన్ని సిద్ధపరచడం: ఇవి అతని పనులు. అన్నిటికంటె ముఖ్యమైనది, పిక్క ఒత్తిడికి గుర్రం జవాబిచ్చిన క్షణంలోనే ఒత్తిడి తీసివేయడం. అది చేసిన పని సరియైనదని గుర్రానికి తెలిసేది ఆ తీసివేతతోనే. జవాబిచ్చినా ఒత్తిడి ఆగకపోతే, జవాబివ్వడం వ్యర్థమని అది నేర్చుకుంటుంది, మొద్దుబారుతుంది. అప్పుడు రౌతు దానికి మొండిదని పేరుపెట్టి మడమకు ముళ్ళు తొడుగుతాడు. చేసిన కష్టానికి ఫలితం దక్కనీయక, పైగా కూలివాణ్ణి సోమరి అని నిందించిన భూస్వామి తర్కం ఇదే కాదా?

గుర్రానికి మన భాష అర్థం కాదనే సాకు చెల్లదు. బెర్లిన్‌లో 1904 ప్రాంతాన హన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తున్నదని పేరుపొందింది. అది లెక్క చేయడం లేదనీ, ప్రశ్న వేసినవారి తలలో, వారికే తెలియకుండా కలిగే అతిస్వల్పమైన కదలికను చూసి డెక్క చప్పుడు ఆపుతున్నదనీ ఫుంగ్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి, 1907లో ప్రకటించాడు. ఇంత సూక్ష్మంగా మన శరీరాన్ని చదవగల ప్రాణి మన మాట వినడం లేదంటే, తప్పు ముందుగా వెతకవలసింది మాటలోనే.

ఈ రెండు దారుల తేడాను బయటపెట్టే అంశం కిందిస్థాయి పరీక్షలోనే ఉన్నది. పగ్గాలు పొడుగ్గా వదిలి గుర్రాన్ని స్వేచ్ఛగా నడవనిచ్చే ఘట్టమది. నమ్మకంతో పెరిగిన గుర్రం మెడను ముందుకూ కిందికీ చాచి, వీపు సడలించి, పెద్ద అడుగులు వేస్తుంది. బిగించి పెంచిన గుర్రం మెడ చాచదు. లేదా సందు దొరికింది గదా అని పరుగు తీస్తుంది. అమెరికా ఆరంభస్థాయి పరీక్షలలో ఈ ఒక్క అంశం మార్కును రెట్టించి లెక్కిస్తారు. అది న్యాయమే. అధికారం బిగింపులో ఉన్నంతసేపు శిక్షణకూ లొంగుబాటుకూ తేడా కనిపించకపోవచ్చు. సడలించినప్పుడు దాచడం కష్టం. పాఠం చెప్పే వృత్తిలో ఉన్న నాకు, బెత్తం పట్టుకున్న మాస్టరు గది దాటగానే తరగతి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే మెత్తగా నడిపినా నడపడం నడపడమే గదా, గుర్రం పోటీని కోరలేదు గదా అనే ఆక్షేపణ ఉన్నది. అది బలమైన ఆక్షేపణ. గుర్రం సంతకం చేయదు, సంఘం పెట్టుకోదు, సమ్మెకు నోటీసు ఇవ్వదు. కనుక దాని అంగీకారమనేది ఒప్పందం కాదు. కాని దీనివల్ల స్వారీ మానడమొక్కటే కర్తవ్యమని నేననుకోను. కాదనే శక్తి ఎదుటివారికి ఎంత తక్కువైతే, అధికారం గలవారి బాధ్యత అంత ఎక్కువవుతుందని మాత్రం అంటాను. చెవుల కదలిక, తోక విసురు, బిగిసిన వీపు, కరుచుకున్న దవడ ఇవే గుర్రానికున్న అర్జీలు. వాటిని అవిధేయతగా కాక ఫిర్యాదుగా చదవడం రౌతు మొదటి ధర్మం.

ఇదంతా వ్యక్తి మంచితనం మీద వదిలేయడం కూడా పొరపాటే. ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఇంగ్లండు రౌతు షార్లట్ డుజార్డిన్, పాఠం చెబుతూ ఒక గుర్రం కాళ్ళను కొరడాతో పదేపదే కొట్టిన వీడియో బయటికి రావడంతో 2024 జూలైలో పారిస్ ఒలింపిక్స్ నుంచి తప్పుకున్నది. అంతర్జాతీయ సమాఖ్య ఆమెను ఒక సంవత్సరం నిషేధించింది. శిక్ష సరే. మార్కును బట్టి గుర్రం ధరా, శిక్షకుని గిరాకీ పెరిగేచోట, ఓపికకు నష్టమూ తొందరకు లాభమూ వచ్చేచోట, కొరడా ఒక్కరి చేతిలోనే ఉంటుందా? ముక్కుపట్టీ బిగువు కొలిచే సాధనాన్ని సమాఖ్య 2025లో ప్రవేశపెట్టింది. మంచి పనే. కాని న్యాయనిర్ణేతలు వంచిన మెడకు మార్కు వేస్తున్నంతకాలం బిగువు వేరొకచోటికి మారుతుంది.

మరొక హెచ్చరిక కూడా అవసరం. బలవంతాన చేయించినదానిలో అవగాహనా ఉండదు, అందమూ ఉండదని సుమారు 2400 యేళ్ళ కిందట గ్రీకు రచయిత జెనొఫన్ అశ్వశిక్షణ గ్రంథంలో వాదించాడు. అదే జెనొఫన్ గృహనిర్వహణ గ్రంథంలో ఒక భూస్వామి పాత్ర, జంతువులకిచ్చే శిక్షణే బానిసలకూ సరిపోతుందని చెబుతుంది. గుర్రం నోటి నొప్పి తెలిసినవానికి మనిషి నొప్పి తెలియాలని నియమం లేదు. ఈనాడైనా గుర్రాన్ని బుజ్జగిస్తూ, దాని సాల ఊడ్చే పనివాని జీతం ఎగవేసేవాడు ఈ విద్య నేర్చినవాడు కాడు.

కాబట్టి కిందిస్థాయి పోటీలో గుర్రపు ప్రదర్శన మెరుగుపడాలంటే, ముందుగా మార్కుల కాగితాన్ని రౌతు తన ప్రవర్తనకు తీర్పుగా చదవాలి. వృత్తం వంకరపోతే తన కూర్చునే తీరును, నిలుపులో గుర్రం కదిలితే తన చేతిని, పగ్గం వదిలినప్పుడు అది మెడ చాచకపోతే అంతకుముందు నెలలన్నిటిలోనూ తాను చేసినదాన్ని ప్రశ్నించుకోవాలి. లోపానికి సంజాయిషీ చెప్పవలసింది ఎప్పుడూ పగ్గాలు చేతబట్టినవాడే. ఈ సూత్రం గుర్రపు ఆవరణలో నిజమైతే, తరగతి గదిలోనూ కార్ఖానాలోనూ ప్రభుత్వంలోనూ అంతకంటె ఎక్కువ నిజం. అక్కడ నడిపించబడేవారికి నోరున్నది, సంఘమున్నది, పగ్గాలు తామే చేపట్టే హక్కున్నది.