జైలు గేటు దగ్గర ఎవరు నిలబడతారు?



కొన్నేళ్ళ క్రితం క్రిస్మసు పండుగకు మేము కొందరం జైలుకు వెళ్ళాం. పాటలు పాడాం, కేకులు పంచాం. తిరిగి వస్తుండగా ఒక సోదరుడు నా చేయి పట్టుకొని, "ఫాదరుగారూ, వచ్చే నెల నన్ను విడుదల చేస్తారు. ఆ రోజు గేటు దగ్గరకు మనవాళ్ళెవరైనా వస్తారా?" అని అడిగాడు. "నీ కోసం ప్రార్థిస్తాను నాయనా" అన్నాను. ప్రార్థించాను కూడా. కాని వెళ్ళలేదు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

చెరసాలలో ఉన్నవారిని దర్శించడం దయాకార్యమని చిన్ననాడే జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం. కాని ఆ సోదరునికి అసలు పరీక్ష బయటికి వచ్చిన రోజునే మొదలవుతుంది. పని ఇచ్చేవారుండరు. ఇల్లు అద్దెకిచ్చేవారుండరు. అయినవాళ్ళు మొహం చాటేస్తారు. పాత సావాసగాళ్ళు మాత్రం తలుపు తీసే ఉంచుతారు.

అపోస్తలుల కార్యముల గ్రంథం తొమ్మిదవ అధ్యాయం తెరచి చూడండి. మారుమనస్సు పొందిన సౌలు యెరూషలేముకు వస్తే శిష్యులందరూ భయపడ్డారు. వారి భయంలో తప్పేముంది? తమవారిని ఇంటింటి నుండి ఈడ్చుకుపోయి చెరలో వేయించినవాడు అతడే కదా! అప్పుడు బర్నబా ఒక్కడు ముందుకు వచ్చాడు. సౌలును వెంటబెట్టుకొని అపోస్తలుల వద్దకు వెళ్ళాడు, అతని తరఫున మాట్లాడాడు. తరువాత సౌలు తార్సులో ఉండగా వెదుక్కుంటూ వెళ్ళి, అంతియోకియాకు తీసుకువచ్చి, ఏడాదిపాటు అతనితో కలిసి పనిచేశాడు. నమ్మడం, పూచీపడటం, విడువకుండా తోడుండటం: బర్నబా చేసినది ఈ మూడే.

తాను పొందిన ఆ మేలును పౌలుగారు మరచిపోలేదనిపిస్తుంది. చెరలో ఉండి కూడా ఒనేసిమును ఫిలేమోను వద్దకు ఉత్తరమిచ్చి పంపాడు. అతడు బాకీ ఉన్నది తానే తీరుస్తానని స్వహస్తాలతో వ్రాశాడు.

2022 చివరికి మన దేశపు జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే కోర్టు ఇంకా తీర్పు చెప్పనివారు. మన వీధిలో మాత్రం తీర్పు ఏనాడో అయిపోయి ఉంటుంది!

జైలులో బిడ్డ ఉన్న తల్లిదండ్రులారా, సిగ్గుపడి దాచుకోకండి. విడుదలకు ముందే మీ విచారణ గురువుతో మాట్లాడండి. 1981 నుండి ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా సేవకులు ఈ పరిచర్యలో ఉన్నారు. వారి సాయం అడగండి. మీ బిడ్డకు తోడుగా ఒక పెద్దమనిషిని చూడండి. ఆయన గొప్పవాడు కానక్కరలేదు. మాట మీద నిలబడేవాడు, తప్పు చేస్తే మొహం మీదే చెప్పగలిగేవాడు అయితే చాలు.

అలా తోడు నిలిచే అన్నా, అక్కా, మీరు చేయవలసినది చిన్నదే. గేటు దగ్గరకు వెళ్ళండి. మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటాడో ముందే చూడండి. కోర్టు వాయిదా ఉంటే, పోలీసు స్టేషనులో సంతకం పెట్టాలంటే వెంట వెళ్ళండి. పని కోసం మీకు తెలిసినవారిని అడగండి. వారానికొకసారి తప్పక కలవండి. ఆదివారం పూజలో అతని ప్రక్కన కూర్చోండి. ఒంటరిగా ఈ భారం మోయకండి, మరొకరిని జతచేసుకోండి. అతడు మళ్ళీ పడిపోతే ఆశ వదలకండి.

అతని వలన నష్టపోయిన కుటుంబాన్ని కూడా మరువరాదు. వారి కన్నీరు నిజమైనది. వారిని తొందరపెట్టకుండా, చేతనైన నష్టపరిహారం చేయమని అతనికి నేర్పడం కూడా తోడున్నవాని బాధ్యతే.

'విచారణ' అనే మాట కోర్టులోనూ ఉంది, మన గుడిలోనూ ఉంది. కోర్టు విచారణ "ఏం చేశావు?" అని అడుగుతుంది. మన విచారణ "తిన్నావా? ఎక్కడ ఉంటున్నావు? పని దొరికిందా?" అని అడగాలి. ఈ వారం మీ ఇంటి సాయంకాల ప్రార్థనలో ఒక్క ప్రశ్న వేసుకోండి: మన ఊరికి తిరిగి వస్తున్న ఆ ఒక్కనికి మనలో బర్నబా ఎవరు?

ప్రభువు మిమ్మును దీవించునుగాక.