ఎప్పటినుంచో పడుతున్న వెలుగు

నేటి వాక్యభాగం: 2 రాజులు 6:15–17

రాత్రి ఆకాశాన్ని ఫొటో తీసే అలవాటున్నవాళ్లు ఏదో ఒకరోజు ఆండ్రోమెడా గెలాక్సీ వైపు కెమెరా తిప్పకుండా ఉండరు. 1888లో ఇంగ్లండ్‌లో ఐజాక్ రాబర్ట్స్ దాని సుడిని గాజుపలక మీద పట్టుకున్నాడు. ఆ తరువాత వేధశాలలు తీశాయి, హబుల్ తీసింది, డాబాల మీదా పెరళ్లలోనూ నిలబడి ఎందరెందరో తీశారు. ఇక అక్కడ కొత్తగా చూడవలసింది ఏమీ లేదనిపించేంతగా తీశారు. అయినా 2022లో యాన్ సైంటీ, జేవియర్ స్ట్రోట్నర్, మార్సెల్ డ్రెక్స్‌లర్ అనే ముగ్గురు ఔత్సాహికులు ఆకాశంలో ఆ గెలాక్సీ పక్కనే ఒక నీలి వాయుచాపాన్ని కనిపెట్టారు. నిండు చందమామలు మూడు వరసగా పేర్చితే ఎంతో, సుమారు అంత పొడవు. 2023 జనవరిలో ఆ సంగతి శాస్త్రపత్రికలో అచ్చయింది. వాళ్లు వాడినది ఒక మనిషి చేతులతో ఎత్తి కారులో పెట్టుకోగల చిన్న టెలిస్కోపు.

ఇన్నాళ్లూ ఎందుకు కనబడలేదు? ఆ చాపం చాలా మసక. పైగా దాని వెలుగు దాదాపుగా ఒక్క రంగులోనే ఉంది: రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల దగ్గర ఇచ్చే నీలిపచ్చ. 1864లో విలియం హగ్గిన్స్ ఒక నీహారికలో ఈ వెలుగును వర్ణపటంలో ఒక గీతగా చూశాడు. అది ఏ పదార్థానిదో చాలాకాలం తేలలేదు. 1927లో ఐరా బోవెన్ ముడి విప్పాడు. వాయువు బాగా పలచబడి, పరమాణువు ఏ తాకిడీ లేకుండా సెకన్ల తరబడి ఒంటరిగా నిలవగలిగిన చోటే ఈ వెలుగు పుడుతుంది. మన చుట్టూ ఉన్న గాలిలో ఒక్కో అణువు సెకనుకు వందల కోట్ల సార్లు ఢీకొంటుంది. అలాంటి చోట ఆ వెలుగుకు వ్యవధి చిక్కదు. ఏకాంత ప్రార్థన ఎందుకని అడిగేవాళ్లకు నేను ఈ ఆక్సిజన్ సంగతి చెబుతుంటాను.

అంత మసక వెలుగును పట్టాలంటే నారోబ్యాండ్ ఫిల్టర్ కావాలి. దాని పనంతా వద్దనడమే. మన కంటికి కనబడే కాంతి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా పరుచుకుని ఉంటే, అందులో మూడు నుంచి ఏడు నానోమీటర్ల సన్నని సందు మాత్రం తెరిచి మిగతాదంతా ఆపేస్తుంది. వీధిదీపాల వెలుగు ఆగిపోతుంది. వెన్నెల చాలావరకు ఆగిపోతుంది. నక్షత్రాలు కూడా చిన్నబోతాయి. ఆగినవన్నీ చెడ్డ వెలుగులేమీ కావు, వెన్నెల కంటే మంచిది ఏముంది? అయినా ఈ ఒక్కదాని కోసం అవన్నీ వదులుకోవాలి. వదులుకున్నాక మిగిలేది ఎంత కొంచెమంటే, అయిదు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో కూడా తెర మీద ఆ చాపం జాడ ఉండదు. అలాంటి ఫొటోలు వందలకొద్దీ ఒకదాని మీద ఒకటి కలిపితే తప్ప ఆకారం తేలదు. ఆ చాపాన్ని చూపిన ఫొటోకు మొత్తం వంద గంటలకు పైనే పట్టింది.

ఇలాంటి ఫొటోల కోసం కొందరు కెమెరాకు కూడా ఒక మార్పు చేయిస్తారు. అది వేరే తరహాది. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ ముందు ఒక ఫిల్టర్ బిగించి ఉంటుంది. మనుషుల ముఖాలు, ఆకుల పచ్చదనం మన కంటికి తోచినట్టే ఫొటోలో రావాలని కంపెనీ పెట్టినది అది. నీహారికల్లో హైడ్రోజన్ వెలువరించే ముదురు ఎరుపు, 656.3 నానోమీటర్లది, ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతుంది. మాడిఫై చేయించడమంటే కెమెరా విప్పించి ఆ ఫిల్టర్ తీసేయించడం, లేదా ఆ ఎరుపును వదిలే మరొకటి వేయించడం. దానివల్ల సెన్సర్‌కు కొత్త చూపేమీ రాదు. ఆ ఎరుపును చూసే శక్తి దానికి మొదటినుంచీ ఉంది.

నేటి వాక్యభాగంలోనూ ఇలాంటిదే ఉంది. దోతాను పట్టణంలో ఎలీషా ప్రవక్త సేవకుడు తెల్లవారి లేచి, పట్టణం చుట్టూ శత్రువుల గుర్రాలనూ రథాలనూ చూసి బెదిరిపోయాడు. అతని కళ్లు సరిగానే చూశాయి, సైన్యం నిజంగానే అక్కడ ఉంది. అప్పుడు ఎలీషా పరలోకం నుంచి సేనను పంపమని అడగలేదు; ఇతని కళ్లు తెరవమని అడిగాడు. అగ్నిరథాలు కొండ నిండా అప్పటికే ఉన్నాయి. మన ప్రార్థనల్లో పంపమని అడిగేవే ఎక్కువ. ఈ ఉదయం ఒక్కసారి, ఏమీ పంపమని అడగకుండా ప్రార్థించి చూద్దాం.

అయితే కళ్లు తెరుచుకున్నాయనుకున్నవాడికి ఇంకో జాగ్రత్త కావాలి. సెన్సర్ వేడెక్కితే నక్షత్రం లేనిచోట కూడా చుక్కలు పడతాయి. అందుకే ఈ పని తెలిసినవాళ్లు టెలిస్కోపుకు మూత పెట్టి, అదే ఉష్ణోగ్రతలో, అంతే సేపు, ఉత్త చీకటిని ఫొటో తీస్తారు. వీటిని డార్క్ ఫ్రేములంటారు. వాటిలో పడ్డదంతా కెమెరాలో పుట్టినదే కాబట్టి, అసలు ఫొటోలోంచి దాన్ని తీసివేస్తారు. చాపాన్ని కనిపెట్టిన ఆ ముగ్గురూ ఇంతటితో కూడా సరిపెట్టుకోలేదు. వేరే చోట్ల, వేరే పరికరాలతో తీసిన ఫొటోల్లోనూ చాపం కనబడిన తరువాతే లోకానికి చెప్పారు. దేవుడు నాతో మాట్లాడాడని పదిమందిలో నిలబడి చెప్పేముందు మనకూ అంత ఓర్పు ఉండాలి. ఈ మాట నా భయంలో పుట్టిందా, నా కోరికలో పుట్టిందా? సంఘంలో నా ఇష్టాయిష్టాలతో సంబంధం లేని మరో ఇద్దరికి కూడా ఇదే తోస్తోందా?

ప్రార్థన: తండ్రీ, నా కళ్లకు అడ్డుగా నేను అలవాటు పడిన అద్దాన్ని నీ చేతులతో విప్పి తియ్యి. నీ కోసం వదులుకోవలసిన మంచివాటిని కూడా వదులుకునే మనసివ్వు. నాలోని వేడికి పుట్టే చుక్కలను నీ నక్షత్రాలని చెప్పకుండా నా నోటిని కాయి. ఎందరో చూసి వెళ్లిపోయిన చోట, ఎందరో చూసి వదిలేసిన మనిషిలో, ఇంకాసేపు ఆగి చూసే ఓపిక నాకు దయచేయి. యేసు నామమున అడుగుచున్నాను, ఆమేన్.