పిలుపు పేరు

పెంపుడు జంతువునకు పేరు పెట్టునపుడు అర్థము ముఖ్యమా, ధ్వని ముఖ్యమా యను ప్రశ్న కొందరికి హాస్యాస్పదముగా తోచవచ్చును. మేము దానిని ధర్మవిచారణకు తగిన విషయముగనే యెంచుచున్నాము. ఏలయన, మనుష్యునకు తన పేరు నచ్చనిచో మార్చుకొను వీలు కలదు, కుక్కకు లేదు. పేరులోని అర్థమును మనము మనకొరకే ఉంచుకొందుము. దానికి ముట్టునది ధ్వని యొక్కటే.

పశువులను మేపుకొని బ్రదికిన మన పెద్దలు ఈ సంగతి నెరిగినవారు. కర్రి, పుల్ల, బొల్లి యనునవి రంగును బట్టి వచ్చిన పేర్లే. అయినను చెవితో విని చూడుడు: రెండక్షరములు, నడుమ ద్విత్వము, కొసను అచ్చు. ద్విత్వము చెవికి గట్టిగా తగులును. కొస అచ్చును పొలము అవతలి గట్టు వరకు సాగదీయవచ్చును. దూరముననున్నవారిని పిలుచునపుడు కడపటి అచ్చు ప్లుతమగునని పాణిని సూత్రించియే యున్నాడు. మనది అజంత భాష. "టైగర్" అని ఇంగ్లీషు పేరు పెట్టినను, వీధిలోనికి వచ్చి పిలుచునప్పటికి అది "టైగరూ" అయి తీరును. ఇందులకు మన గృహిణులకు ఎవరును వ్యాకరణము చెప్పనక్కరలేదు.

"ముద్దు" అను పేరు వినుటకు ఇంపే. కాని ఆ యింటనే దినమునకు పదిమార్లు "వద్దు" అను మాటయు వినబడును. రెంటికిని మొదటి యక్షరమే భేదము. పిలిచినారో కసరినారో తెలియక ఆ మూగజీవి తోక సగమాడించి నిలుచును. దానిని మందబుద్ధి యనుట న్యాయమా? "రాజా, పో" యనుటయు నిట్టిదే. మొదట "రా" వినిపించి పిదప పొమ్మనుట!

బెంగుళూరు వంటి చోట్ల స్థిరపడిన మనబోటివారి యిండ్లలో ఇంకొక విశేషము కలదు. ఇంటివారు "రా" యందురు, పాలవాడు "బా" యనును, పొరుగింటి తమిళులు "వా" యందురు. ఆజ్ఞ భాషకొకటి, మారనిది పేరొక్కటే. కనుక మువ్వురి నోటను ఒకే తీరున పలుకు పేరు మేలు. ఒత్తక్షరముల పేరు అందరి నోటను ఒకలాగున పలుకదు. పిల్లులు సైతము తమ పేరును అంతే నిడివిగల ఇతర పదములనుండి వేరుపరుపగలవనియు, క్రొత్తవారు పలికినను గుర్తింపగలవనియు జపాను పరిశోధకులు 2019లో ప్రకటించిరి. పిల్లి వినియు రాకపోవుట వేరు సంగతి.

కొందరు తమకు గిట్టని పై అధికారి పేరును కుక్కకు పెట్టి తృప్తిపడుదురు. ముప్పది యేండ్లు గుమాస్తాగిరి చేసిన మాకు ఆ కోరిక తెలియనిది కాదు. కాని పిలిచినపుడెల్ల గొంతులో ద్వేషము దొరలును. దానిని వినునది అధికారి కాదు, కుక్క.

మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన శునకమునకు పేరే లేదుగదా యని యడుగవచ్చును. తనంతట వెంటవచ్చు దానిని పిలువ నక్కరలేదు. మనము కట్టివేసి పెంచు జంతువు సంగతి అట్టిది కాదు. పేరు వినగానే పరుగెత్తి వచ్చునట్లు అలవాటు చేసినది మనము. ఆ ధ్వని వెనుక అన్నమును, నిమురు చేయియు నున్నవని నమ్మించినది మనము. పాలగిన్నె దొరలించిన నాడు అదే పేరును అదే తీయని గొంతుతో పిలిచి, చేరువకు రాగానే బెత్తముతో కొట్టువారిని చూచియున్నాము. ఆ పిలుపు దెబ్బకంటె హెచ్చు తప్పు. నొప్పి సాయంకాలమునకు తగ్గును; పేరు చెడిపోవును. మరునాడు అన్నమునకు పిలిచినను ఆ జీవి గుమ్మమువద్దనే ఆగి మన చేతులవంక చూచును. దండింపక తప్పదందురా, అప్పుడు పేరెత్తకుడు.

బదిలీ యైనపుడు చార్జి పట్టీ వ్రాసి యిచ్చుట మా ఉద్యోగపు అలవాటు. కుక్కను వేరొకరి కప్పగించి ఊరు మారువారు గొలుసును, గిన్నెను, టీకా చీటిని ఇచ్చుచున్నారు. పేరును గూడ అప్పగింపవలెను. ఇంటిలో దానినెట్లు సాగదీసి పిలుతురో ఒకసారి పిలిచి చూపి, క్రొత్తవారిచేత రెండుమార్లు పిలిపించి, పిదప బండి యెక్కవలెను.