కుశలప్రశ్న - యజమాని ధర్మము

క్షేమమడుగుట మన ఆచారము. కాని కూలి యిచ్చువాడు కూలివానిని క్షేమమడిగినచో వచ్చు సమాధానము నిజమగునా? గోదావరి డెల్టాలో ధాన్యపు మిల్లున బస్తాలు మోయువాడు గాని, రొయ్యల ఫ్యాక్టరీలో దినమంతయు నిలువుకాళ్ళపై పనిచేయు స్త్రీ గాని, యజమాని యెదుట "తమ దయవల్ల బాగానే ఉన్నామండి" అనియే పలుకుదురు. ఆ మాటలో మర్యాద యెంతయో, భయమెంతయో తెలియుట కష్టము.

నేడు క్షేమమును కొలుచు పట్టికలును వచ్చినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో వెలువరించిన పట్టికలో అయిదంశములు కలవు. గడచిన రెండు వారములలో మనస్సు ఉల్లాసముగా నుండెనా, నిద్రలేచునప్పుడు సేదదీరినట్లుండెనా అను ప్రశ్నలకు 0 నుండి 5 వరకు అంకె వేయవలెను. ఇది మేలే. అయితే అంకె వేయువాడు సేవకుడు. ఆ అంకెకు జవాబుదారి యెవరు?

రాజమహేంద్రవరమున 11వ శతాబ్దిలో నన్నయభట్టారకుడు తెనిగించిన పర్వములలో సభాపర్వ మొకటి. ధర్మరాజును నారదుడు కుశలమడుగు ఘట్టము అందలిదే. వ్యాసభారతమున ఆ ప్రశ్నలు చూడుడు. సేనకు భోజన వేతనములు సకాలమున నిచ్చుచున్నావా? శిల్పులకు నాలుగు నెలలకు చాలు సామగ్రి సమకూర్చుచున్నావా? పనిని గుర్తించి, చేసినవానిని సజ్జనుల నడుమ ప్రశంసించుచున్నావా? నీకై మరణించినవారి భార్యలను పోషించుచున్నావా? చిత్రకూటమున శ్రీరాముడును భరతుని ఇట్లే ప్రశ్నించి, వేతనము ఆలస్యమైనచో భృత్యులు కోపింతురనియు, అది గొప్ప అనర్థమనియు హెచ్చరించెను.

ఇరువురును సేవకుని సుఖమును గూర్చి ప్రభువునే ప్రశ్నించిరి. సేవకుని క్షేమమునకు మొదటి కొలత అతని చిరునవ్వు కాదు, యజమాని నెరవేర్చిన ధర్మము.

చట్టమును కొంత కొలచినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 250 మందికి మించి పనిచేయు చోట క్యాంటీను పెట్టించుటకు వీలు కల్పించెను. 500 మంది యున్నచోట సంక్షేమాధికారి యుండవలెననెను. కాని ఇరువది మందే యున్నచోట ఆకలి వేయదా? ఒక్క పాలేరు, ఒక్క పనిమనిషి గల యింటిలో లెక్క చూచువారెవరు?

"ఉన్నదానితో తృప్తిపడవలె"నని పేదకు బోధించువారు కలరు. సంతుష్టి భక్తుని లక్షణమని గీత చెప్పినమాట నిజమే. కాని అది యెవరికి వారు సాధించుకొనవలసిన గుణము. పరుల జీతము తగ్గించుటకు సాకు కారాదు.

తిరునాళ్ళలో స్వామికి కానుక సమర్పించుటకు ముందు గృహస్థుడు నారదుని ప్రశ్నలలో మొదటిదానినైనను తన్ను తానడుగవలెను. సర్వాంతర్యామియగు శ్రీమన్నారాయణుడు ఆ సేవకుని హృదయమునను కలడు. అచటి లెక్క తీరక యిచట నిచ్చు కానుక సంపూర్ణమగునా?